అసలేది, నకలేది

"ముట్టుకున్నావంటే ఊరుకోను!"

మునవ్వర్ క్యారెట్లు తరుగుతున్న కత్తి అక్కడే వదిలేసి పరుగున వచ్చి, కూతురి చేతికీ మౌస్‌కీ మధ్య తన తడి చెయ్యి అడ్డం పెట్టింది.

ఫాతిమా తల పట్టుకుంది. రేపే తన పెళ్ళి. హాల్లో పెద్ద తెర మీద పెళ్ళికూతురి చిన్ననాటి ఫోటోల వీడియో వెయ్యాలి. అది లేకపోతే మర్గిలాన్ ఊళ్ళో పెళ్ళి జరిగినట్టే లెక్క కాదు. సాయంత్రంలోగా హాలువాళ్ళకి అందించకపోతే రేపు తెర నిండా పెళ్ళికొడుకు మొహమే ఉంటుంది. తీరా చూస్తే అమ్మ లాప్‌టాప్‌లో చోటు చాలక వీడియో తయారీ సగంలో ఆగిపోయింది.

"అమ్మా, ఇది ముసల్ది. పాత కంప్యూటర్లనీ నడిపించే లైనక్స్ నేను ఎక్కించబట్టి ఇంకా ఊపిరి తీస్తోంది. ఏదో ఒకటి తీసెయ్యకపోతే చోటెక్కడ్నించి వస్తుంది?"

"అందులో నువ్వెక్కించిన పనిముట్లు తీసెయ్. గౌన్ల కొలతలు గీయడానికొకటి, మీ పిన్నితో మాట్లాడ్డానికొకటి, పాటలకింకోటి! నేను ఇంటెడు వంటా ఒక్క కత్తితో చేస్తున్నా."

"ఓహో. పొద్దున్న నేను క్యారెట్లు తురుముతానంటే అంతెత్తున లేచావెందుకో?"

"తురిమితే అది పలావవుతుందా? జావవుతుంది!"

"చూశావా! ఏ పనికి తగ్గ పనిముట్టు ఆ పనికుండాలి. ఇదీ అంతే." ఫాతిమా తెర చూపించింది. "ఒకే ఫోటో రెండు చోట్ల ఉంటే పట్టిచ్చే పనిముట్టిది. ఎవరో పుణ్యాత్ములు తయారుచేసి ఊరందరికీ ఉచితంగా వదిలేశారు. నీ దొంగతనం ఎలా పట్టిందో చూడు."

నిజంగానే పట్టింది. ముందు పళ్ళు ఊడిన ఫాతిమా రెండుసార్లు. తెల్ల రిబ్బన్లతో బడికి వెళ్తున్న ఫాతిమా రెండుసార్లు. నెల క్రితం నిశ్చితార్థంలో తల వంచుకున్న ఫాతిమా కూడా రెండుసార్లే. ఒక్కటీ వదలకుండా అన్నిటికీ జంటలున్నాయి.

"ఒకేలా ఉన్నాయమ్మా. వెంట్రుకవాసి తేడా లేదు."

"ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకటి తీసేస్తారా?"

ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఫాతిమా మళ్ళీ తెరవైపు చూసింది. ఇంతవరకూ ఫోటోలు చూసిందే తప్ప అవి ఉన్న ఫోల్డర్ల పేర్లు చదవలేదు. మొదటిది ఫాతిమా. రెండోది జుహ్రా.

ఆ ఊళ్ళో కవల ఆడపిల్లలు పుడితే పేర్ల కోసం వెతుక్కోరు. ముందు పుట్టింది ఫాతిమా, వెనక పుట్టింది జుహ్రా. ఈ ఇంట్లో జుహ్రా నలభై రోజులైనా నిండకుండానే పోయింది. ఆ సంగతి అందరికీ తెలుసు గానీ ఎవరూ ఎత్తరు.

"చెల్లి పెరిగి ఉంటే ఇలాగే ఉండేదని పెట్టుకున్నావా?" ఫాతిమా మెల్లగా అడిగింది.

మునవ్వర్ తెర మీంచి చూపు తిప్పుకుంది. వెళ్ళి కత్తి చేతిలోకి తీసుకుంది కానీ తరగలేదు.

ఫాతిమాకి సిగ్గేసింది. అమ్మకి ఫోటోలు కాపీ చెయ్యడం నేర్పింది తనే. అమ్మ అంత శ్రద్ధగా ఎందుకు నేర్చుకుంటోందో ఒక్కసారీ అడగలేదు. వీడియో లేకపోతే పోయింది, చచ్చిపోయిన చెల్లిని రెండోసారి ఇంట్లోంచి వెళ్ళగొట్టడం తనవల్ల కాదనుకుంది. తెర మీది ఆ పనిముట్టు మూసెయ్యబోతూ చటుక్కున ఆగింది.

"అమ్మా, ఇలా రా. ఏదీ తీసెయ్యక్కర్లేదు."

"మళ్ళీ ఇంకో పనిముట్టా?"

"ఇందులోనే ఉంది. ఇది అడిగేదేంటంటే, వీటిలో అసలేది, నకలేది, ఏది ఉంచాలి అని. ఆ గొడవ లేకుండా ఇంకో దారుంది. లోపల ఫోటో ఒక్కటే ఉంటుంది. దానికి పేర్లు మాత్రం రెండుంటాయి. నా ఫోల్డర్ తెరిచినా కనిపిస్తుంది, చెల్లి ఫోల్డర్ తెరిచినా కనిపిస్తుంది. చోటు ఒక్కదానికే సరిపోతుంది."

మునవ్వర్ దగ్గరికొచ్చింది. "మరి అసలుది ఎవరి దగ్గరుంటుంది?"

"ఎవరి దగ్గరా కాదు. రెండూ అసలు పేర్లే. ఏది ముందు పెట్టిన పేరో కంప్యూటర్‌నడిగినా చెప్పలేదు."

"దానికీ తెలీదా?"

"తెలీదు."

"తెలీకపోయినా బానే నడుస్తుందా?"

"నిక్షేపంలా నడుస్తుందమ్మా." ఫాతిమా మీట నొక్కింది. కాసేపటికి చోటు ఏర్పడింది. ఆగిన వీడియో మళ్ళీ కదిలింది. రెండు ఫోల్డర్లూ తెరిచి చూపించింది. రెండింట్లోనూ ముందు పళ్ళు ఊడిన పిల్ల నవ్వుతోంది.

మునవ్వర్ కుర్చీలో కూలబడింది. కూతురి మణికట్టు పట్టుకుని నిమరసాగింది.

"ఏంటమ్మా? ఏడుస్తున్నావా?"

"ఆ రాత్రి ఇద్దరికీ ఒళ్ళు కాలిపోయే జ్వరం. నా పక్కనే, ఒకే పరుపు మీద పడుకోబెట్టుకున్నాను. గుర్తుంటుందని ఫాతిమా చేతికి దిష్టిపూస కట్టాను. తెల్లారి లేచేసరికి పూస పరుపు మీద పడుంది. ఒక్క బిడ్డే ఏడుస్తోంది."

ఫాతిమా అమ్మ పట్టుకున్న తన మణికట్టుకేసి చూసుకుంది.

"మీ నాన్న ఎత్తుకుని ఫాతిమా అని పిలిచాడు. అందరూ అలాగే పిలిచారు. రేపు నిఖాలో ఇమాం అడిగితే ఆ పేరే చెప్తాం. కానీ ఆ తెల్లారి ఏడ్చిన బిడ్డ ఎవరో నాకివాళ్టికీ తెలీదు తల్లీ."