బ్రోకర్లు వద్దు

"వచ్చినవాళ్లందరూ అవే తప్పులు ఎత్తి చూపుతున్నారు. మీకు చీమ కుట్టినట్టయినా లేదేం?" అంది భార్య.

"ఉండనీ" అన్నాడు దర్జీ, కుట్టుమిషన్ మీంచి తల ఎత్తకుండా.

"ఉండనీ ఏమిటండీ? అర అంగుళం తేడా వస్తే చొక్కా మొత్తం విప్పి మళ్లీ కుట్టే మనిషి! నాలుగు ముక్కల ప్రకటన సరిగ్గా రాయలేరా?"

పొద్దున మొదలైన గొడవ భోజనాల వేళ దాకా వచ్చింది. కొడుకు ఫోన్ తీసి మరోసారి పైకి చదివాడు. "జపాన్ స్పోర్ట్స్ కారు అమ్మబడును. ఆటోమేటిక్ గేర్లు. టర్బో లేదు. మార్పులన్నీ పెద్ద గ్యారేజీలో చేయించినవి. బ్రోకర్లు వద్దు."

ఫోన్ దించాడు. "నాన్నా, దానికి గేర్లు చేత్తో మార్చాలి. ఇంజను వేగం పెంచే ఆ టర్బో అక్కే బిగించింది. గ్యారేజీ ఎక్కడిది? రెండేళ్లు షెడ్డులో నేల మీద పడుకుని ఒక్కో బోల్టూ తనే బిగించుకుంది కదా. సరిచేస్తాను, ఒక్క నిమిషం."

"ముట్టుకోకు. నా నంబరు సరిగ్గా ఉందా?"

"ఉంది."

"చాలు."

"మీ నాన్న చిన్నప్పుడూ ఇంతే" అంది నానమ్మ మంచం మీంచి. "ఆ కారు ఉరిమితే నా మందుల డబ్బా అలమరలోంచి దూకేది. ఇప్పుడు దూకినా బాగుండుననిపిస్తోంది."

కొడుకు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఏడు నెలల క్రితం ఆ షెడ్డు గుమ్మంలో నిలబడి దర్జీ కూతురితో "ఆ కారో, ఈ ఇల్లో తేల్చుకో" అన్నాడు. ఆ పిల్ల రెండూ వదిలేసి పోయింది. తాళంచెవి దిండు మీద, పక్కన "నన్ను వెతకొద్దు" అని చీటీ. ఆమె ఫోన్ ఆరోజు నుంచీ మూగబోయింది. స్నేహితురాళ్లు తెలియదన్నారు. పోలీసులు చీటీ చదివి, మేజరు, తనంతట తనే వెళ్లింది, మేమేం చేయలేమన్నారు. చివరికొక డిటెక్టివ్ వెతుకుతానన్నాడు, ముందుగా డబ్బు కడితేనే. ఇంట్లో అంత ధర పలికేది ఆ కారొక్కటే.

"బ్రోకరుకిస్తే ఒక్క రోజులో పోతుంది" అంది భార్య. దర్జీ వినలేదు. నేనే అమ్ముతానని, కార్ల పిచ్చి ఉన్నవాళ్లంతా పోగయ్యే ఇంటర్నెట్ గ్రూపులో కొడుకు చేత ప్రకటన పెట్టించాడు. ప్రతి మాటా తనే చెప్పి రాయించాడు.

సాయంత్రం కారు చూడ్డానికి బేకరీ నడిపే ఒకాయన వచ్చాడు. బానెట్ ఎత్తి, నోరు తెరిచాడు.

"టర్బో లేదన్నారేంటండీ? ఇదిగో! ఈ అతుకులు చూడండి, ఎంత శుభ్రంగా వేశారో! ఎవరు చేశారు?"

"గ్యారేజీ వాళ్లు" అన్నాడు దర్జీ. అని, వంగి ఆ అతుకుల వెంట వేలు పోనిచ్చాడు, కుట్టు చూసినట్టే. ఎక్కడా వంకర లేదు. ఇన్నాళ్లూ ఆ బానెట్ కింద ఏముందో అతను చూసిందే లేదు.

"మీరడిగిన ధరకే తీసుకుంటాను. ఇప్పుడే."

షెడ్డు గుమ్మంలో నిలబడ్డ భార్య ఒక అడుగు ముందుకు వేసింది.

"లేదండీ. ఇంకొకళ్ల కోసం చూస్తున్నాను."

"ఎప్పుడొస్తారు?"

"తెలీదు."

బేకరీ ఆయన గేటు వేసిన చప్పుడు వినబడగానే ఆమె దర్జీకి ఎదురుగా వచ్చి నిలబడింది. "నిజం చెప్పండి. అది దొరకడం మీకిష్టం లేదు. అన్న మాట అనేశారు, ఇప్పుడు దాని మొహం చూడలేరు. అందుకే వచ్చిన ప్రతివాడినీ తిప్పి పంపుతున్నారు. ఎక్కడ తింటోందో, ఎక్కడ పడుకుంటోందో..."

దర్జీ మెడలోని టేపును వేళ్లకు చుట్టుకుంటూ నిలబడ్డాడు. "ఇంకొక్క వారం ఆగవే."

"రేపు పది గంటలకు బ్రోకరు వస్తున్నాడు. అడ్డొస్తే ఈ ఇంట్లో నేనూ ఉండను."

ఆ మాట అని విసురుగా ఇంట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున దర్జీ ఎవరి బట్టా ముట్టుకోలేదు. ఫోన్ మిషన్ బల్ల మీద పెట్టుకుని దానికేసే చూస్తూ కూర్చున్నాడు. తొమ్మిదిన్నరకు అది మోగింది. అందుకుని షెడ్డులోకి పోయి తలుపు వేసుకున్నాడు.

"ఇంకో బేరం" అంది భార్య కొడుకుతో. "ఇతన్నీ తరిమేస్తారు."

పదింటికి బ్రోకరు వచ్చాడు. షెడ్డు తలుపు తెరుచుకుంది. దర్జీ బయటికి వచ్చి, బ్రోకరుకు నమస్కారం పెట్టి, గేటు దాకా తీసుకెళ్లి పంపించేశాడు.

అతను లోపలికి వచ్చి అందరినీ నానమ్మ మంచం దగ్గరికి పిలిచాడు. గొంతు పెంచలేదు.

"కారు అమ్మడం లేదు."

"అయితే ఇక దాన్ని ఎలా వెతుకుతామండీ?" ఆమె అతని చొక్కా పట్టుకుంది. "చెప్పండి, ఎలా వెతుకుతాం?"

"ప్రకటనలో తప్పులు దిద్దమని అదే ఫోన్ చేసింది."