కారు దగ్గు

బోధన్ షెడ్డులో మెకానిక్ దస్తగిర్ కార్బొరేటర్ స్క్రూ తిప్పుతున్నకొద్దీ వీరరాఘవయ్య పాత కారు దగ్గడం తగ్గుతోంది.

“ఇన్నేండ్ల సంది బాగు చేస్తనంటే వద్దంటిరి. ఇయాల మీరే అడిగిండ్రు. ఇంట్ల అమ్మగారు గిట్ట కోపం జేసిందా సాబ్?” నవ్వుతూ అడిగాడు దస్తగిర్.

“కోపమా! కాలవగట్టు మలుపులో ఈ దగ్గు వినబడగానే ఆకేసి, నేను కాళ్లు కడుక్కునేసరికి వేడన్నం వడ్డించేది.”

“వడ్డించేదా?” దస్తగిర్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

“మొన్ననే పెద్దకర్మ అయింది.”

దస్తగిర్ ఇంజను ఆపేశాడు. “అయ్యో సాబ్... గా చప్పుడన్న ఉండనియ్యిండ్రి. అమ్మగారి యాది.”

వీరరాఘవయ్య తల అడ్డంగా ఊపాడు.

“ఆ మలుపులో కారు దగ్గితే నాకింకా ఆకలేస్తోందయ్యా. తీసెయ్యి.”