చెవి మిషన్ దొంగ

"ఎక్కు," అంటూ ఆల్విన్ కారు తలుపు తీసి కుక్క మెడతాడు లాగాడు. టిల్లీ మంచులో చతికిలబడింది.

"పదమూడేళ్ళ కుక్కని జంతువుల షెల్టర్‌లో వదిలేస్తావా?" అంది అతని భార్య గ్వెన్.

"పోయిన వారం నా ఎడమ చెవి మిషన్ మింగింది. రేపు కుడిదీ మింగుతుంది."

"అవును పాపం. నీ ఉపన్యాసాలు తనకీ వినపడాలని దాని ఆశ."

"వెటకారం చాలు. కారు తాళాలేవి?"

"వంటింట్లో. నువ్వే తెచ్చుకో."

ఆల్విన్ విసురుగా ఇంట్లోకి నడిచాడు. వెనకే గ్వెన్ వచ్చింది. లోపలి వేడికి అతని కళ్ళద్దాలు తెల్లగా మసకబారాయి. వాళ్ళ మంచు ఊరు దులూత్‌లో చలికాలమంతా కళ్ళద్దాలవాళ్ళందరూ చేసే పనే అతనూ చేశాడు. ఒంటిచేత్తో అద్దాలు పక్కకి లాగేశాడు. అద్దాల కాడకి చిక్కుకుని కుడిచెవి మిషన్ ఎగిరి, గుమ్మం పక్కనున్న చేపలవేట బూటులో పడింది. ఆ బూట్లు అతను ఈ ఏడు ఇంకా తొడగలేదు.

గ్వెన్ బూటు తిరగేసింది. నేలమీద రెండు మిషన్లు పడ్డాయి.

"అద్దాలు రెండు చేతులతో, తిన్నగా ముందుకి తియ్యమని క్లినిక్ పిల్ల నాలుగుసార్లు చెప్పింది. అప్పుడు రెండు చెవులూ పనిచేస్తున్నాయిగా," అంది.

ఇప్పుడు రెండూ ఖాళీ. ఆల్విన్‌కి ఒక్క ముక్కా వినపడలేదు. మిషన్లకేసి కాసేపు చూసి, బయటికెళ్ళి, మంచులో మోకరిల్లి కుక్క మెడతాడు విప్పాడు.

తన గొంతు తనకే వినపడక, వీధంతా వినేలా అన్నాడు: "దొంగని నేనేనే, టిల్లీ."