బోర్లించిన గ్లాసు

పెయింటరు సీసా ఎత్తగానే, వెల్డరు తన గ్లాసును బల్ల మీద టప్పున బోర్లించాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు.

ఓడల మరమ్మతు యార్డులో పని దిగాక అందరూ చేరేది గేటు ఎదురుగా ఉన్న ఆ బారులోనే.

పెయింటరు నవ్వలేదు. బోర్లించిన గ్లాసు వంక కాసేపు చూశాడు. సీసా కింద పెట్టి, లేచి, వెల్డరుకి నడుం వంచి దండం పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

పీడ విరగడైందనుకున్నాడు వెల్డరు.

పెయింటరుది వేరే దేశం. వచ్చి ఏడాదైంది. ఇక్కడి భాష నాలుగు ముక్కలు వచ్చు, అవీ రంగుల పేర్లే.

ఇక్కడి తాగుడు వేరు. ఎవడి సీసా వాడిది, ఎవడి గ్లాసు వాడిది. గబగబా తాగి ఎవడి దారిన వాడు పోవడమే. అతని దేశంలో తన గ్లాసు తను నింపుకోరట, పక్కవాడు పొయ్యాలట. యార్డులో అందరికీ ఇదో పెద్ద జోకు. పోస్తే పోయేదేముంది? ఒక్కడూ పొయ్యలేదు. ఏడాది పొడుగునా ఖాళీ గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడా మనిషి. చివరికి పేరే 'ఖాళీ గ్లాసు' అయిపోయింది.

అలాంటివాడు రోజూ వచ్చి వెల్డరు పక్కనే కూర్చునేవాడు. రెండు చేతులతో సీసా పట్టుకుని అతని గ్లాసు నింపేవాడు.

మొదట్లో వెల్డరు మురిసిపోయాడు. అయాచితంగా సేవ చేస్తుంటే ఎవరికి చేదు?

తర్వాత వెనక అడుగుల చప్పుడు వినపడసాగింది.

ఇంటికి కాలువ గట్టు మీదుగా పోవాలి. ఒక పక్క గోడ, ఇంకో పక్క నీళ్ళు. మధ్యలో అడ్డు కమ్మీ కూడా లేదు. ఎంత తాగినా నా కాళ్ళకి ఇల్లు తెలుసని వెల్డరు గొప్పలు పోయేవాడు. ఆ దారిలో ఇరవై అడుగుల వెనక ఆ చప్పుడు. తను ఆగితే ఆగేది, నడిస్తే నడిచేది. ఒకసారి గిరుక్కున తిరిగి చూస్తే పెయింటరు.

సరిగ్గా ఆ వారమే ఫోర్‌మన్ పిలిచి చీవాట్లు పెట్టాడు. ఇంకోసారి మత్తు దిగకుండా పనిలోకి వస్తే అటునుంచి అటే ఇంటికి పొమ్మన్నాడు. ఆ ఉద్యోగం పోతే పొయ్యిలో పిల్లి లేవదు.

"తను తాగడు. నాకు తాగిస్తాడు. ఇంటిదాకా వెనకాలే వస్తాడు. ఫోర్‌మన్ మనిషి కాక ఇంకెవడు?" అనుకున్నాడు వెల్డరు.

అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు.

అందుకే ఆ వేళ గ్లాసు బోర్లించాడు. పెయింటరు గడప దాటగానే మళ్ళీ తిప్పి, తనే పోసుకున్నాడు. కోపం మీదున్నాడేమో, రోజుకన్నా రెట్టింపు తాగాడు.

చలికాలం. అయిదింటికే చీకటి పడింది.

తెల్లారి లేచేసరికి ఒళ్ళంతా వణుకు. చొక్కా, ప్యాంటు తీగ మీద నీళ్ళు కారుతున్నాయి. గుమ్మం బయట బూట్లు పక్కపక్కనే పొందిగ్గా పెట్టి ఉన్నాయి, నిండా కాలువ బురద.

భార్య మండిపడుతోంది. కాలువలో పడి వచ్చి, రోజూలాగే తలుపు మూడుసార్లు కొట్టి గుమ్మంలో రాయిలా కూలబడితే ఏమనుకోవాలని అడిగింది.

"నేను తలుపెందుకు కొడతాను? తాళంచెవి నా జేబులోనే ఉంటుందిగా."

భార్య అతని మొహంలోకి చూసింది.

"మరి ఇన్నాళ్ళూ కొడుతున్నది ఎవరు?"



పెయింటరు మూడు రోజులు పనిలోకి రాలేదు. వెల్డరు మూడు రోజులూ గట్టు మీద ఆగి ఆగి నడిచాడు. వెనక చప్పుడు లేదు. ఆ చప్పుడు ఉన్నప్పుడు విసుగు. ఇప్పుడది లేదని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూశాడు.

నాలుగో రోజు ఫోర్‌మన్ అందరినీ పోగేశాడు. నాలుగు రోజుల కిందట రాత్రి పెయింటరు బసకి నిలువెల్లా తడిసి చేరాడట. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందట. నిన్న రాత్రి ఆస్పత్రిలో పోయాడట. శవపెట్టె మీద రాయించాలి, ఇతని అసలు పేరు మీలో ఎవరికైనా తెలుసా అని ఫోర్‌మన్ అడిగాడు.

ఎవరికీ తెలియదు. వెల్డరుకీ తెలియదు.

సాయంత్రం బారులో వెల్డరు, పక్కనున్న పెయింటరు కుర్చీ ముందు అతని గ్లాసు పెట్టి, రెండు చేతులతో సీసా పట్టుకుని నింపాడు. ఏడాదిలో ఆ గ్లాసు నిండడం అదే మొదలు.

బారు నడిపే అక్క వచ్చి ఎదురుగా నిలబడింది. పెళ్ళికి ముందు ఆమె పెయింటరు దేశంలో పదేళ్ళు పనిచేసింది.

"అక్కా, నా వెనక ఎందుకొచ్చేవాడు?"

"అక్కడ పోసిన చెయ్యే గుమ్మం దాకా దింపాలి తమ్ముడూ. తాగినవాడికి నామోషీ కాకుండా కాస్త దూరంగా నడుస్తారు. తలుపు మూడుసార్లు కొట్టి తప్పుకుంటారు. రోజూ పోయించుకుంటున్నావు కదా, నీకు తెలుసనుకున్నా."

వెల్డరు నిండిన గ్లాసు వంకే చూస్తూ అడిగాడు.

"మరి గ్లాసు బోర్లిస్తే?"

అక్క తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది.

"అంతటితో చెల్లు. ఆ వేళ నీ వెనక రావాల్సిన పని అతనికి లేదు."