సార్ చూశారు

“రెయిన్‌కోటు దండగ. మూడు వందల గ్రాముల బరువు. గొడుగు చాలు.”

తేలిక సంచులతో కొండలెక్కేవాళ్ల వాట్సాప్ గ్రూపులో అభిజిత్ చేరి నెల కాలేదు. ఈ వానల్లో శనివారం ఒంటరిగా ట్రెక్కుకి పోతున్న జెస్సీకి అతనిచ్చిన సలహా అది. ఇరవై ఏళ్లుగా ఎక్కుతున్న గురుమూర్తి చదివి నవ్వాడు.

“ఆ గాలికి గొడుగు నిలుస్తుందా? వద్దని చెప్పండి,” అంది భార్య వరూధిని.

“చెప్పను. మొన్న వాడు నన్ను ‘అంకుల్, మీ సంచిని మ్యూజియంలో పెట్టండి’ అన్యాడు. నలభై మంది నవ్వినారు. ఇప్పుడు వాని పరువు పోనీ.”

“వాడు బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో, ఇంట్లో వెచ్చగా కూర్చోనుంటాడు. వణికేది ఆ పిల్ల.”

ఇంతలో జెస్సీ మెసేజ్ వచ్చింది: “థాంక్స్ అభిజిత్. సంచిలోంచి కోటు తీసేశాను. తప్పయితే గురుమూర్తి సార్ ఊరుకోరు. నా ప్రశ్నని ఆయన చూశారు కూడా, చదివినవాళ్ల జాబితాలో పేరుంది.”

గురుమూర్తికి ముందు కలిగింది భయం కాదు, సంతోషం. తన మౌనానికి ఇంకా అంత విలువుంది. ఆ సంతోషం కోసం ఒక మనిషిని కొండమీద చలికి వదిలేయబోయానని తెలిసేసరికి గబగబా టైపు చెయ్యడం మొదలుపెట్టాడు.

“కోటు పెట్టుకో తల్లీ. ఆ సలహా తప్పని నాకు చదివినప్పుడే తెలుసు,” అని అందరికీ కనిపించేలా రాశాడు.