సున్నా సార్లు చదివిన పుస్తకం

"మేడంగారూ, నా సేపల పుస్తకం ఏదండీ?"

ముసలి గంగరాజు ఖాళీ అర ముందు నిలబడి అడిగాడు. లైబ్రేరియన్ ధనశ్రీ కంప్యూటరు మీంచి తలెత్తింది.

ఆ పుస్తకాన్ని నిన్న సాయంత్రమే ఆవిడ దగ్గరుండి పాతకాగితాల కొట్టుకి తూకానికి వేసేసింది. తప్పేం కాదు, పైవాళ్ల అనుమతి ఉంది. అయిదేళ్ల లెక్కలు కంప్యూటర్లో పోసి, ఎవరూ ఇంటికి తీసుకెళ్లని పుస్తకాలేవో రంగురంగుల గ్రాఫు గీసి చూపించింది మరి! ఆఫీసరుగారు మీటింగులో అందరి ముందూ మెచ్చుకున్నారు కూడా. ఆ గ్రాఫులో చేపల పుస్తకానికి వచ్చింది సున్నా.

సున్నా కాక ఏమవుతుంది? పుస్తకం ఇంటికి తీసుకెళ్లే కార్డు కావాలంటే గెజిటెడ్ ఆఫీసరు సంతకం తెమ్మంది ఆవిడే. జాలరిపేటలో గంగరాజుకి గెజిటెడ్ ఆఫీసరు ఎక్కడ దొరుకుతాడు? అందుకే రోజూ హార్బర్లో చేపల వేలం అయ్యాక వచ్చి, కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని, కూడబలుక్కుంటూ రెండేసి పేజీలు ఇక్కడే చదువుకునేవాడు. గుర్తుకి వల దారం ముక్క పెట్టుకుని వెళ్లేవాడు. కంప్యూటరుకి కనబడలేదు సరే, ఎదురుగా కూర్చున్న తన కళ్లకేమైంది? ధనశ్రీకి తల కొట్టేసినట్టయింది.



"ఎవరో ఎత్తుకుపోయారు తాతా," అనేసింది.

"లైబ్రరీలో దొంగలా!" పేపరు చదువుతున్న భీమశంకరరావుగారు కళ్లజోడు సవరించుకున్నారు. స్టీల్‌ప్లాంటులో రిటైరైన ఆయనకి బోలెడంత తీరిక. "పోలీసు కంప్లయింటు ఇవ్వాల్సిందేనమ్మా. నేను రాసిపెడతాను."

"ఎందుకులెండి, పాత పుస్తకం..."

"ఎందుకంటారేటండి! ఆ దొంగ సంగతి నాను సూత్తాను," అని గంగరాజు విసవిసా వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ధనశ్రీ ఒక నిర్ణయానికొచ్చింది. రేపు రాగానే ఆ ముసలాయనకి నిజం చెప్పేయాలని గట్టిగా అనుకుంది.

మర్నాడు ఆవిడ నోరు విప్పేలోపే గంగరాజు బల్ల మీద ప్లాస్టిక్ సంచి పెట్టాడు. అందులో చేపల పుస్తకం. వల దారం పెట్టినచోటే ఉంది.

"పూర్ణా మార్కెట్లో పాతకాయితాల కొట్లన్నీ ఎతికీసినానండి."

"భేష్! మరి అమ్మిన దొంగెవరట?" అంటూ భీమశంకరరావుగారు లేచొచ్చారు.

ధనశ్రీ తల దించేసుకుంది. ఆ క్షణాన భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది.

"కొట్టోడికి గుర్తు నేదటండి," అన్నాడు గంగరాజు.

భీమశంకరరావుగారు ఉసూరుమంటూ మళ్లీ పేపరు దగ్గరికి వెళ్లిపోయారు. అప్పుడు గంగరాజు బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు.

"అమ్మింది నువ్వేనని కొట్టోడు సెప్పీసినాడు. బయపడకు, నాను ఎవులికీ సెప్పను. డబ్బులకంత ఇబ్బందొత్తే నన్నో మాట అడగొచ్చు కదా తల్లీ!"