పదమూడు నానోమీటర్లు

బొమ్మ స్క్రీను మీదికి రాగానే ఆమె గుండె జారిపోయింది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తీసిన బొమ్మ. నిండా నానోడిస్కులు. అన్నీ గుండ్రంగా, ఒకే సైజులో, ముచ్చటగా ఉన్నాయి. ఒకదాన్ని కొలిచింది. పదమూడు నానోమీటర్లు. ఇంకోటి కొలిచింది. పదమూడే. రావాల్సింది పది.

నానోడిస్క్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. కణం పొరలో ఉండే ప్రోటీన్‌ని ఊడబెరికి నీళ్ళలో వదిలితే ముద్దకట్టేస్తుంది. అందుకని దాన్ని ఓ చిన్న కొవ్వు బిళ్ళలో కూర్చోబెడతారు. బిళ్ళ చెదిరిపోకుండా చుట్టూ ఇంకో ప్రోటీన్ బెల్టులా పట్టుకుంటుంది. బెల్టు పొడవును బట్టే బిళ్ళ వెడల్పు.

కొవ్వు పాడైతే బిళ్ళలు చిన్నాపెద్దా, వంకరటింకరగా వస్తాయి. ఇవి ఇంత తీరుగా, అన్నీ ఒకే కొలతలో పెరిగాయంటే తప్పు కొవ్వుది కాదు, బెల్టుది. పరుగున వెళ్ళి ఫ్రీజర్ తెరిచింది. పొట్టి బెల్టు పెట్టెకి సీలు కూడా తీసి లేదు. ఆరోజు పక్కనున్న పొడుగు బెల్టు పెట్టెలోంచి ట్యూబు తీసి కలిపేసిందన్నమాట. తన చేత్తోనే!

“అయ్యో, ఎంత పని చేశాను!” అనుకుంది. అప్పటికే ఆ తప్పుకి పెద్దాయన ఉద్యోగం ఊడింది మరి.

పెద్దాయన ల్యాబ్ అటెండరు, కాంట్రాక్టు మనిషి. సాయంత్రం ఫ్రీజర్ తలుపులు సరిగ్గా పడ్డాయో లేదో చూడటం ఆయన పనే. మొన్న మొదటి పరీక్షలో డిస్కులు పెద్దవిగా వచ్చాయని తెలియగానే గైడు సార్ ఆయన మీద విరుచుకుపడ్డారు.

“తలుపు తెరిచి వదిలేసుంటావు. కొవ్వంతా పాడైంది. నాలుగు నెలల కష్టం మట్టిపాలు!”

“వేసే వెళ్ళాను సార్.”

“అయితే తప్పు ఈ అమ్మాయిదా?”

పెద్దాయన ఆమె వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. డిస్కులు కలిపిన రోజు పొద్దున ల్యాబుకి ముందుగా వచ్చింది తనే. తలుపు వేసి ఉండటం కళ్ళారా చూసింది. ఆ ఒక్క మాట చెప్తే చాలు. కానీ వచ్చే వారం రివ్యూ, తప్పు తనదని తేలితే ఫెలోషిప్ పోతుంది.

“నాదే అయ్యుంటుంది సార్. వయసు మీద పడింది కదా,” అన్నాడు పెద్దాయన.

సాయంత్రం గేటు దగ్గర ఆయన తన కార్డు సెక్యూరిటీకి అప్పగిస్తున్నాడు. ఆమె స్నేహితురాళ్ళతో కలిసి పక్కనుంచే వెళ్ళింది. పలకరిస్తే ఎవరేమనుకుంటారో అని చూపు తిప్పుకుంది.

“జాగ్రత్తగా వెళ్ళండి మేడమ్,” అన్నాడాయన.

ఇంటికెళ్ళాక ముద్ద దిగలేదు. “ఏమిటీ, ఇవాళ ఈ ఇంట్లో ఎవరికీ ఆకలి లేదా?” అని అమ్మ విసుక్కుంది. నాన్న అప్పటికే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అది మొన్నటి మాట. ఇప్పుడీ బొమ్మ. ఇంకా నోరు మూసుకుని కూర్చుంటే తనంత సిగ్గుమాలిన మనిషి ఉండదు. సార్ గదిలోకి వెళ్ళింది. బెల్టు సంగతి చెప్పింది. తలుపు సంగతీ చెప్పింది.

సార్ అరవలేదు. అరిచినా బాగుండేది. బొమ్మకేసి చూసి కళ్ళజోడు తీసేశారు.

“ఇన్నేళ్ళ సర్వీసు నాది. ఈ బొమ్మ వచ్చేదాకా ఆగలేకపోయానే! పెద్ద మనిషిని పట్టుకుని నానా మాటలూ అనేశాను.”

“తప్పంతా నాది సార్.”

“నీ సంగతి రివ్యూలో చూద్దాం. ముందు ఆయన కాళ్ళమీద పడాల్సింది నేను.” సార్ లేచి కారు తాళాలు అందుకున్నారు. “ఆయన ఇల్లెక్కడో మన ల్యాబులో ఎవరికైనా తెలుసా?”

ఆమె చెవులు భగ్గుమన్నాయి. ఇందాకటి మాటలు చెప్పేటప్పుడు కూడా ఇంత సిగ్గు వెయ్యలేదు.

“నాతో రండి సార్, ఆయన మా నాన్న.”